హవాసు లోయకు వెళ్లాలంటే: పర్మిట్ మొదలుకొని చివరి ఎక్కుడు వరకు

అమెరికాలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో, ఎర్రటి కొండగోడల మధ్య నీలిపచ్చ నీళ్లు దూకుతున్న ఫొటో కనిపించిన ప్రతిసారీ "ఇక్కడికి ఎలా వెళ్లాలి, కాస్త వివరంగా చెప్పండి" అనే ప్రశ్న వస్తూనే ఉంది. అది అరిజోనా ఎడారిలో, గ్రాండ్ కాన్యన్‌కు పక్కలోయగా ఉన్న హవాసు కాన్యన్. హవాసుపాయి తెగవారి సొంత నేల. అక్కడికి రోడ్డు లేదు. కాలినడకన, గుర్రం మీద, లేదా హెలికాప్టర్‌లో మాత్రమే చేరుకోగలం.

అలిపిరి మెట్లదారిలో ముందు ఎక్కి, దర్శనమయ్యాక దిగివస్తాం. ఇక్కడ ముందు దిగుతాం, మూడు రాత్రుల అలసటతో చివరి రోజున ఎక్కుతాం. అందుకే ఏ నెలలో వెళ్లాలి, ఎంత బరువు మోయాలి, ఎవరిని వెంట తీసుకెళ్లాలి అనే ప్రతి నిర్ణయాన్నీ ఆ చివరి రోజు ఉదయం నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ తీసుకోవాలి.

1. చోటు విషయంలో పొరపాటు పడకండి

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ చూసి, అదే రోజు మధ్యాహ్నం హవాసు వైపు వెళ్లవచ్చని చాలామంది అనుకుంటారు. మ్యాప్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపించినా, సౌత్ రిమ్ గ్రామం నుంచి కాలిబాట మొదలయ్యే చోటికి కారులో సుమారు నాలుగు గంటలు పడుతుంది.

గాజు వంతెన స్కైవాక్ ఉన్న వెస్ట్ రిమ్ కూడా వేరే చోటే. దాన్ని నడిపేది హువాలపాయి తెగ. హవాసు లోయ హవాసుపాయి తెగది. పేర్లు దగ్గరగా ఉన్నా పాలనలు వేరు, టికెట్లు వేరు. నేషనల్ పార్క్ వార్షిక పాస్ ఈ రెండు చోట్లా చెల్లదు.

నడక మొదలయ్యే చోటు పేరు హువాలపాయి హిల్‌టాప్. అక్కడి నుంచి సూపాయి గ్రామానికి 8 మైళ్లు, గ్రామం నుంచి క్యాంప్‌గ్రౌండ్‌కు మరో 2 మైళ్లు. అంటే ఒకవైపు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. హిల్‌టాప్ సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంటే క్యాంప్‌గ్రౌండ్ సుమారు 2,800 అడుగుల దగ్గర ఉంది.

2. నెలను ఎంచుకోండి

ఇటీవలి సంవత్సరాల్లో లోయ ఫిబ్రవరి నుంచి నవంబర్ వరకు తెరిచి ఉంటోంది. నా సలహా ఏప్రిల్, మే మొదటి సగం, లేదా అక్టోబర్. ఆ నెలల్లో పగలు నడవగలిగేంత ఎండ ఉంటుంది, రాత్రి డేరాలో హాయిగా నిద్రపడుతుంది.

జూన్, జూలైలలో లోయ అడుగున ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. రెంటచింతల ఎండలో పెరిగినవాళ్లం, మాకేం కాదని కొందరు అంటుంటారు. అక్కడి గాలిలో తేమ బొత్తిగా ఉండదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కనుక ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో మనకు తెలియదు. ప్రమాదం అక్కడే ఉంది.

జూలై నుంచి సెప్టెంబర్ వరకు వానాకాలం, ఆకస్మిక వరదల కాలం. 2024 ఆగస్టులో వచ్చిన వరదలో ఒక సందర్శకురాలు మరణించారు. వందమందికి పైగా జనాన్ని సైనిక హెలికాప్టర్లలో తరలించాల్సి వచ్చింది. వేరే నెలల్లో పర్మిట్ దొరికే అవకాశం ఉన్నప్పుడు ఆగస్టును ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఫిబ్రవరి, మార్చి, నవంబర్‌లలో రాత్రి చలి ఎక్కువ. వాగు నీళ్లు మాత్రం ఏడాది పొడవునా సుమారు 21 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆ నీళ్లలోంచి బయటికి వచ్చాక చలిగాలికి వణుకు పుడుతుంది కనుక పొడిబట్టలు చేతికి అందేలా ఉంచుకోండి.

3. పర్మిట్ సంపాదించండి

క్యాంపింగ్ పర్మిట్ 3 రాత్రులు, 4 రోజులకు కలిపి ఒకటిగానే ఇస్తారు. ఒక రాత్రికి, రెండు రాత్రులకు విడిగా ఉండదు. ఒకే రోజులో దిగి ఎక్కివచ్చే నడకకు అనుమతి లేదు. ఇటీవలి ధర మనిషికి 400 డాలర్లు దాటింది, డబ్బు వాపసు రాదు.

పర్మిట్ ఇచ్చేది తెగవారి అధికారిక రిజర్వేషన్ వెబ్‌సైట్ ఒక్కటే. అమ్మకాలు మొదలయ్యే తేదీ, పద్ధతి ఏటా మారవచ్చు కనుక పాత వీడియోలు చూసి సిద్ధపడకండి. ఆ సంవత్సరపు ప్రకటనను స్వయంగా చదవండి. తర్వాత ఈ వరుసలో పని చేయండి:

- కొన్ని వారాల ముందే ఖాతా తెరిచి, వివరాలు నింపి ఉంచండి.
- బృందంలో ఎవరెవరు వస్తారో ఖాయం చేసుకోండి. "చూద్దాం" అన్నవారిని లెక్కలోకి తీసుకోకండి.
- కనీసం మూడు తేదీల జాబితా రాసుకోండి. ఆదివారం లేదా సోమవారం మొదలయ్యేవాటికి పోటీ తక్కువ.
- పర్మిట్ ఎవరి పేరున ఉంటుందో ఆ మనిషి ఫొటో గుర్తింపు కార్డుతో స్వయంగా హాజరు కావాలి. తప్పకుండా రాగలిగినవారి పేరునే తీసుకోండి.

మొదటి రోజు దొరకలేదని వదిలేయవద్దు. రాలేకపోయినవారు తిరిగి ఇచ్చిన పర్మిట్లు అదే వెబ్‌సైట్‌లోని బదిలీ జాబితాలోకి వస్తుంటాయి. తేదీల విషయంలో పట్టుదల లేనివారికి, రోజూ ఒకసారి చూసుకునేవారికి అక్కడ దొరికే అవకాశం బాగానే ఉంది.

ఫేస్‌బుక్‌లోనో, గ్రూపుల్లోనో పరిచయం లేనివారి దగ్గర పర్మిట్ కొనకండి. పేరు కలవకపోతే అది చెల్లదు. 2019 నుంచి బయటి టూర్ కంపెనీలు యాత్రికులను తీసుకురావడాన్ని తెగ నిలిపివేసింది కనుక "ప్యాకేజీ టూర్" అని ఎవరైనా అమ్మజూపితే ముందుగా తెగ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోండి.

డేరాలో పడుకోలేనివారికి గ్రామంలో ఒక లాడ్జి ఉంది. అయితే ముఖ్యమైన జలపాతాలు గ్రామానికి దిగువన ఉన్నాయి కనుక, లాడ్జిలో దిగినవారు వాటి కోసం రోజూ అంతదూరం నడిచి మళ్లీ ఎక్కిరావాలి.

4. బృందాన్ని, శరీరాన్ని సిద్ధం చేయండి

మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చారు, హెలికాప్టర్‌లో తీసుకెళ్లవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. హెలికాప్టర్ ఉన్నది గ్రామస్థుల కోసం, గ్రామ సరుకుల కోసం. యాత్రికులకు ముందస్తు బుకింగ్ ఉండదు. తెగవారి తర్వాత వరుసలో నిలబడ్డవారికి చోటిస్తారు, వాతావరణం బాగాలేకపోతే అది ఎగరదు. దాన్ని నమ్ముకుని పెద్దవారిని లోయలోకి దింపడం సరికాదు. వారిని సౌత్ రిమ్‌కు తీసుకెళ్లండి. అక్కడ కారు దిగిన చోటే కాన్యన్ కనిపిస్తుంది.

నడిచేవారు కనీసం ఎనిమిది వారాల ముందు సాధన మొదలుపెట్టాలి. వారంలో రెండు రోజులు మెట్లు ఎక్కండి, ఒక రోజు దూరం నడవండి. చివరి రెండు వారాల్లో మోయబోయే బ్యాక్‌ప్యాక్‌తోనే, వేసుకోబోయే బూట్లతోనే నడవండి. కొత్త బూట్లతో ఈ లోయలోకి దిగితే కాళ్లు బొబ్బలెక్కడం ఖాయం.

బయలుదేరే ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. ఏకధాటిగా దిగుతున్నప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని, పెరిగిన గోళ్లు నల్లబడి ఊడిపోతాయి.

5. సామాను సర్దండి

మొత్తం బరువు మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. సర్దడం పూర్తయ్యాక బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని మూడంతస్తుల మెట్లు ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఏదో ఒకటి తీసేయాలి.

- నీళ్లు: దిగేటప్పుడు మనిషికి 3 లీటర్లు, ఎక్కేటప్పుడు 4 లీటర్లు పట్టే సీసాలు లేదా సంచులు.
- ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పు కలిసిన చిరుతిళ్లు. ఉత్త నీళ్లు మాత్రమే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది, వాంతులవుతాయి.
- నీటి ఫిల్టర్, సబ్బు, హెడ్‌ల్యాంప్.
- నూలు కాని సాక్సులు రెండు జతలు, బొబ్బలకు అంటించే టేపు.
- నీళ్లలో నడవడానికి వేళ్లు కప్పే చెప్పులు. వాగు అడుగున సున్నపురాయి గట్టిపడి అంచులు గరుకుగా ఉంటాయి. హవాయి చెప్పులు ఒక్క అడుగుకే జారిపోతాయి.
- పట్టు ఉన్న చేతి తొడుగులు ఒక జత. వాటి అవసరం తొమ్మిదో భాగంలో తెలుస్తుంది.
- చిన్న గ్యాస్ పొయ్యి. లోయలో మంటలు వేయడం నిషేధం. గ్యాస్ డబ్బాను విమానంలో తీసుకెళ్లనివ్వరు కనుక ఫీనిక్స్‌లోనో, లాస్ వేగాస్‌లోనో దిగాక కొనుక్కోండి.

తిండి విషయంలో మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మొదటి రోజుకు పులిహోర చక్కగా నిలుస్తుంది. ఆ తర్వాతి రోజులకు రవ్వను వేయించి, పోపు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి పొట్లాలుగా కట్టుకుంటే వేడినీళ్లు పోసిన కాసేపటికి ఉప్మా తయారవుతుంది. వేయించిన అటుకులు, పల్లీ చిక్కీ నడకలో పనికొస్తాయి. కుక్కర్, బియ్యం మూట, పచ్చడి గాజు సీసాలు ఇంట్లోనే ఉంచండి.

సామాను మోయించడానికి గుర్రాలను, కంచరగాడిదలను ముందుగా బుక్ చేసుకోవచ్చు. ఒక జంతువుకు నాలుగు సంచులు, ఒక్కో సంచి 32 పౌండ్లు, అంటే సుమారు 14.5 కిలోలు మించకూడదు. నడుమునొప్పి ఉన్నవారికి ఇది అవసరమే. మిగిలినవారు ఎవరి సంచి వారే మోసుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇతరులు మోస్తారనుకున్నప్పుడు అవసరం లేనివన్నీ సర్దేస్తాం. నీళ్లు, మందులు, గుర్తింపు కార్డు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి.

లోయలోకి తీసుకెళ్లకూడనివి: మద్యం, మత్తుపదార్థాలు, ఆయుధాలు, డ్రోన్లు, పెంపుడు జంతువులు. "ఒక్క బీరు డబ్బా" అనే సడలింపు లేదు.

6. కాలిబాట మొదలుకు చేరండి

ఫీనిక్స్ నుంచైనా, లాస్ వేగాస్ నుంచైనా హిల్‌టాప్‌కు నాలుగు గంటలు, అంతకు కాస్త ఎక్కువ పడుతుంది. ముందు రాత్రి కింగ్‌మన్, సెలిగ్‌మన్, పీచ్ స్ప్రింగ్స్‌లలో ఎక్కడైనా బస చేయండి. రూట్ 66 మీద పీచ్ స్ప్రింగ్స్‌కు తూర్పున ఇండియన్ రోడ్ 18 చీలుతుంది. ఆ రోడ్డు మీద సుమారు 60 మైళ్లు వెళితే హిల్‌టాప్.

ఆ 60 మైళ్లలో పెట్రోల్ బంకు లేదు, దుకాణం లేదు. హిల్‌టాప్‌లో నీళ్లు కూడా దొరకవు. రూట్ 66 దాటకముందే ట్యాంకు నింపండి.

చెక్-ఇన్ ఎక్కడ చేయాలో మీ రిజర్వేషన్ పత్రంలో ఉంటుంది. దాన్ని ముందు రోజే చదవండి, ప్రింట్ తీసుకోండి. నేరుగా హిల్‌టాప్‌కు వెళ్లి, పత్రాల కోసం మళ్లీ అంతదూరం వెనక్కి వచ్చినవారు ఉన్నారు.

చీకట్లో ఆ రోడ్డు మీద ఆవులు, ఎల్క్ జింకలు అడ్డంగా నిలబడి ఉంటాయి. వేగం తగ్గించండి.

అరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరపరు, నవాహో నేలమీద మాత్రం జరుపుతారు. పేజ్ పట్టణం దగ్గరి యాంటెలోప్ కాన్యన్ చూసి ఇటు వచ్చేవారు ఫోను చూపించే టైమును ఒకసారి సరిచూసుకోవాలి.

7. దిగండి

సూర్యోదయానికి నడక మొదలుపెట్టండి. మొదటి ఒకటిన్నర మైలు వంకరలు తిరుగుతూ వెయ్యి అడుగులకు పైగా దిగుతుంది. ఉదయపు ఉత్సాహంలో అడుగులు వేగంగా పడతాయి కనుక మోకాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కర్రలు వాడండి, చిన్న అడుగులు వేయండి.

ఆ తర్వాత దారి ఎండు వాగులో సాగుతుంది. ఇసుక, గులకరాళ్లు, రెండువైపులా ఎర్రటి గోడలు. నీడ కొన్ని చోట్లే దొరుకుతుంది, తాగునీళ్లు గ్రామం దాకా దొరకవు. ప్రతి గంటకు ఆగి, బూటు విప్పి, పాదం చూసుకోండి. చర్మం ఎర్రబడి వేడిగా అనిపిస్తే వెంటనే టేపు అంటించండి; బొబ్బ లేచాక అంటించినా పెద్దగా ఫలితం ఉండదు.

గుర్రాల వరుస ఎదురైతే దారి అంచున నిలబడకండి. కొండగోడ వైపుకు జరిగి, కర్రలు దగ్గరకు పట్టుకుని, అవన్నీ దాటేదాకా కదలకుండా ఉండండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే గిట్టల చప్పుడు వినబడదు, తీసేయండి.

8. గ్రామంలో నడవడిక

సూపాయి కొన్ని వందలమంది కాపురముంటున్న ఊరు. బడి, పోస్టాఫీసు, చిన్న దుకాణం, తినడానికి ఒక కేఫ్ ఉన్నాయి. మనం వారి ఇళ్ల మధ్య నుంచి నడిచివెళతాం.

- మనుషులను, ఇళ్లను, గుర్రాలను అడగకుండా ఫొటో తీయకండి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.
- గుర్తుపెట్టిన దారి విడిచి ఇళ్ల మధ్య సందుల్లోకి వెళ్లకండి.
- ఈతబట్టలతో ఊళ్లో తిరగకండి.
- పర్మిట్ గుర్తుగా చేతికి కట్టిన పట్టీని చివరి రోజు దాకా విప్పకండి.
- స్పీకర్లో పాటలు పెట్టకండి. గోడల మధ్య ఆ శబ్దం చాలాదూరం వినిపిస్తుంది.

9. క్యాంప్‌గ్రౌండ్, జలపాతాలు

హవాసు జలపాతం దాటాక క్యాంప్‌గ్రౌండ్ మొదలై, మూనీ జలపాతం దాకా వాగు వెంట సుమారు మైలు పొడవున ఉంటుంది. చోట్లకు నంబర్లు లేవు, ముందు వచ్చినవారికి ముందు. నీళ్ల ఒడ్డున కాక, కాస్త ఎత్తయిన చోట డేరా వేయండి. మరుగుదొడ్డికీ, ఫెర్న్ స్ప్రింగ్ అనే ఊటకూ మధ్యస్థంగా ఉంటే మరీ మంచిది. తాగునీళ్లు ఆ ఊట దగ్గరే పట్టుకోవాలి. అవి తాగడానికి పనికొచ్చేవే అయినా ఫిల్టర్ చేసుకోవడం మేలు.

2024 జూన్‌లో చాలామంది యాత్రికులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తినేముందు చేతులు సబ్బుతో, నీళ్లతో కడుక్కోండి. ఇలాంటి జబ్బులు తెచ్చే వైరస్‌ల మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. ఒకరి సీసాలో నీళ్లు మరొకరు తాగవద్దు.

ఉడతలు ఇక్కడ డేరా గుడ్డను కొరికి తిండి తీసుకెళతాయి. తినేవన్నీ గట్టి మూత డబ్బాలో ఉంచండి. డేరాలో, బ్యాక్‌ప్యాక్ జేబులో చిక్కీ ముక్క కూడా మిగలకూడదు.

రెండో రోజు ఉదయం మూనీకి కేటాయించండి. సుమారు 190 అడుగుల ఆ జలపాతం పక్కన కొండలో తొలిచిన రెండు ఇరుకు సొరంగాల గుండా దిగాలి. రెండో సొరంగం బయట అడుగు పెట్టగానే ఎదురుగా నీటిధార, కాళ్లకింద నిటారు గోడ. రాతిలో దిగ్గొట్టిన ఇనుప గొలుసులు పట్టుకుని, చెక్కిన గాళ్లలో కాలు పెట్టి, చివరన చెక్క నిచ్చెనల మీదుగా కిందికి చేరాలి. కిందికి వెళ్లేకొద్దీ తుంపర ఎక్కువై గొలుసు, నిచ్చెన మెట్లు, రాయి అన్నీ తడిసి ఉంటాయి. అక్కడ ఒట్టి చేతుల పట్టు జారుతుంది, అందుకే తొడుగులు.

- ముఖం కొండ వైపు ఉంచి, నిచ్చెన దిగినట్టే దిగండి.
- రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు పట్టులో ఉన్నాకే నాలుగోది కదపండి.
- ఒక నిచ్చెన మీద ఒక్కరే ఉండాలి. కిందివారు పక్కకు తప్పుకున్నాకే పైవారు కాలు మోపాలి.
- ఫోను చేతిలో ఉండకూడదు.
- ఉదయం ఎనిమిదిలోపు దిగండి. పొద్దెక్కాక ఎక్కేవారు, దిగేవారు ఎదురుపడి గొలుసుల మీద ఆగిపోవాల్సి వస్తుంది.

భయం వేస్తే సొరంగం చివర నుంచే చూసి వెనక్కి రావచ్చు, జలపాతం అక్కడి నుంచి నిండుగా కనిపిస్తుంది. భయపడుతున్నవారిని బలవంతపెట్టి దింపవద్దు. దిగినదారినే తిరిగి ఎక్కాలి.

కిందికి చేరినవారు మరో మూడు మైళ్లు వాగు దాటుతూ నడిస్తే బీవర్ జలపాతం వస్తుంది. మధ్యాహ్నానికల్లా వెనక్కి తిరగండి. ఎత్తు నుంచి నీళ్లలోకి దూకడం నిషేధం. అడుగున సున్నపురాయి దిమ్మెలు ఎక్కడున్నాయో పైనుంచి కనిపించవు.

10. వరద సూచనలు గుర్తించండి

మీ తలమీద ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎన్నో మైళ్ల ఎగువన కురిసిన వాన ఈ లోయలోకే వస్తుంది. 2008 ఆగస్టు వరద వాగు దారినే మార్చి, కొత్త జలపాతాలను పుట్టించింది.

నీలిపచ్చ నీళ్లు గోధుమరంగుకు తిరగడం, కొమ్మలు, ఆకులు కొట్టుకురావడం, ఎగువ నుంచి ఆగకుండా హోరు వినిపించడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాను కోసం ఆగకండి. దగ్గరలోని ఎత్తుకు ఎక్కండి, రేంజర్ చెప్పేదాకా అక్కడే ఉండండి. ప్రవహిస్తున్న బురదనీటిని దాటే ప్రయత్నం చేయవద్దు. డేరా వేసిన రోజే ఆ ఎత్తయిన చోటు ఏదో చూసుకుని, బృందంలో అందరికీ చూపించి ఉంచండి.

11. తిరిగి ఎక్కండి

మూడో రోజు సాయంత్రం దూరం నడవకండి, కాళ్లకు విశ్రాంతినివ్వండి. రాత్రికి ఉప్పు, కారం, పిండిపదార్థం ఉన్న భోజనం చేసి, అవసరం లేనివన్నీ సర్దేసి, ఉదయం డేరా ఒక్కటే మడిచేలా చూసుకోండి. చెత్తంతా మీతోనే పైకి రావాలి.

నిబంధనలు అనుమతించిన తొలి వేళకే బయలుదేరండి. గ్రామంలో సీసాలన్నీ నింపుకోండి. ఆ తర్వాత హిల్‌టాప్ దాకా, హిల్‌టాప్‌లో కూడా నీళ్లు లేవు. మొత్తం దారికి ఆరేడు గంటలు పట్టవచ్చు. నిటారు వంకరల మొదటికి ఎండ ముదరకముందే చేరడం లక్ష్యం. ఆలస్యమై ఉదయం పది దాటితే, వేసవిలో అక్కడి నీడలో సాయంత్రం దాకా ఆగడం మొండిగా ఎక్కడం కంటే సురక్షితం.

ఎక్కేటప్పుడు మాట్లాడగలిగేంత వేగంతోనే నడవండి. మాట తడబడటం, చెమట ఆగిపోవడం, ఒళ్లు కాలడం వడదెబ్బ గుర్తులు. ఆ మనిషిని నీడలో కూర్చోబెట్టి, బట్టలు తడిపి, విసురుతూ, ఇంకొకరిని సాయానికి పంపండి. బృందం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగంతో కదలాలి. వారినే ముందు నడవనివ్వండి.

దిగేముందే కారులో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు బిస్కెట్లు, పొడి చెప్పులు ఉంచి ఉండాలి. పైకి చేరగానే స్టీరింగ్ పట్టుకోకండి. తిని, తాగి, కనీసం ఒక గంట కాళ్లు చాపుకున్నాకే ఆ 60 మైళ్ల దారిలో బయలుదేరండి, డ్రైవర్ పక్క సీటులో మెలకువగా ఉండగలిగినవారిని కూర్చోబెట్టండి.